కిడ్నీ మార్చారు, కాపురం సంగతి చెప్పలేదు

కిడ్నీ మార్పిడి అయినవాళ్లకు దాంపత్యం, గర్భధారణ గురించి మన ఆసుపత్రుల్లో ఎవరూ నోరు విప్పడం లేదు. మా తోడికోడలి డిశ్చార్జి కాగితాల్లో మాస్కు, కాచి చల్లార్చిన నీళ్లు, పచ్చివి తినొద్దనే జాగ్రత్తలు రెండు పేజీలున్నాయి. నెలసరి ఊసే లేదు. డయాలసిస్ రోజుల్లో ఆగిన నెలసరి కొత్త కిడ్నీ పనిచేయగానే కొద్ది నెలల్లో తిరిగి రావచ్చు, గర్భమూ నిలవొచ్చు. ఆమెకు నాలుగో నెలలోనే నిలిచింది. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా రోజూ వేసుకునే మైకోఫెనొలేట్ అనే మందు వల్ల గర్భస్రావం, బిడ్డలో అవయవ లోపాల ముప్పు ఎక్కువని, గర్భానికి కనీసం 6 వారాల ముందే డాక్టరు దాన్ని అజాథయోప్రిన్ లాంటి మందుకు మార్చాలని అప్పుడు గానీ తెలియలేదు. (సొంతంగా ఆపేస్తే కిడ్నీకే ముప్పు.) ఆ గర్భం దక్కలేదు. కవల సోదరి కిడ్నీ పొందిన మహిళ అమెరికాలో 1958లోనే బిడ్డను కన్నది. కనీసం ఏడాది ఆగి, కిడ్నీ నిలకడ చూసుకుని మందులు మార్చుకుంటే ఇక్కడా చాలామంది తల్లులు కాగలరు. మగవాళ్ల ఇబ్బందులు మరోరకం. ఓపీ గది తలుపు తీసే ఉంటుంది, వెనక పదిమంది నిలబడి ఉంటారు, ఏమని అడుగుతారు? డిశ్చార్జికి ముందే భార్యాభర్తలిద్దరినీ కలిపి విడి గదిలో కూర్చోబెట్టి గైనకాలజిస్టుతో మాట్లాడించాలి. గర్భనిరోధం, ఏటా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష, మందుల మార్పు గురించి తెలుగులో ఒక్క కాగితం ఇవ్వాలి. అవయవదానం చూసే జీవన్‌దాన్, ఆరోగ్యశ్రీ అధికారులు దీన్ని మార్పిడి చేసే ప్రతి ఆసుపత్రికీ తప్పనిసరి చేయాలి.

– ఒక పాఠకురాలు, వరంగల్