మా జేమ్స్ నది ట్రిప్పులో ఈ సీజన్ నుంచి మార్పులు

అందరికీ నమస్కారం. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్ నుంచి మా వ్యాన్‌లో వచ్చే కుటుంబాలకు, ముఖ్యంగా ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను మాతో పంపేవాళ్లకు ఈ కబురు.

ఇన్నాళ్లూ ఒకే రోజులో జేమ్స్‌టౌన్ చూపించి, చార్లెస్ సిటీ కౌంటీలో షర్లీ, బర్క్‌లీ ఎస్టేట్లకూ తీసుకెళ్లేవాళ్లం. ఇకమీదట షర్లీ ఉండదు. టికెట్ ధర మాత్రం కొంచెం పెరుగుతుంది. చూపించేది తగ్గించి డబ్బులు ఎక్కువ అడగడమేమిటని మీకు అనిపించడం న్యాయమే. వ్యాన్ ఇన్సూరెన్స్ బాగా పెరిగింది. అదీగాక, జేమ్స్‌టౌన్ దీవిని హడావిడిగా చూపించడం మాకు ఇక మనసొప్పడం లేదు.

1607లో ఇంగ్లీషువాళ్లు దిగిన చోటు అది. వాళ్ల కోటను నది మింగేసిందనే చాలాకాలం అనుకున్నారు. 1994లో పురావస్తు శాస్త్రవేత్త విలియం కెల్సో తవ్వకాలు మొదలుపెట్టాక, గోడ దుంగలు పాతిన చోటల్లా మట్టిలో నల్లటి మరకలు బయటపడ్డాయి. కోట ఆనవాలు దొరికింది వాటితోనే. ఆ వలసను నడిపిన వర్జీనియా కంపెనీ పెద్ద సర్ థామస్ స్మిత్, అదే కాలంలో ఈస్టిండియా కంపెనీకీ గవర్నరు. 1611లో మన మచిలీపట్నం చేరిన ఓడ ఆ కంపెనీదే. ఈ సంగతి చెప్పగానే కృష్ణా జిల్లా పెద్దవాళ్లు అక్కడే ఆగి ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తారు.

కోట దగ్గరే ఏంజెలా ఉన్న ఇంటి స్థలం ఉంది. 1619లో ఆఫ్రికా నుంచి బందీలను తెచ్చిన ఓడల్లో వచ్చిన మనిషి ఆమె. 1625 నాటి జనాభా లెక్కలో పేరు కనిపిస్తుంది. ఆమె గురించి వినకుండా బర్క్‌లీకి వెళితే కంటికి కనబడేది 1726 నాటి ఇటుకల మేడ, తోట, అంతే. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టిన బెంజమిన్ హారిసన్ పుట్టిల్లు అది. ఆ పొలాల్లో చాకిరీ చేసింది బానిసలు. రెండూ కలిపి చెప్పడానికే ఈ సమయం కావాలి.

దీవి పల్లపు నేల, వాన గట్టిగా పడితే నీళ్లు నిలుస్తాయి. ముంపు భయంతోనే 2022లో దాన్ని దేశంలో ప్రమాదంలో ఉన్న చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు. అలాంటి రోజు ట్రిప్పు రద్దు చేసి మీ డబ్బు పూర్తిగా తిరిగిస్తాం.

నది దాటే ఫెర్రీ ఉచితం. వేసవి వారాంతాల్లో లైను పొడుగ్గా ఉంటే మాత్రం ఎక్కించలేం. పులిహోర, పెరుగన్నం డబ్బాలు ఎప్పటిలాగే మావే. పెద్దవాళ్లకు మోకాళ్ల నొప్పులుంటే బుకింగ్‌లోనే రాయండి, చక్రాల కుర్చీ వ్యాన్‌లో పెట్టుకొస్తాం.