కొండపి పిన్ని చెప్పింది నిజమేనా?

బుజ్జీ,

మీ నాన్న పొద్దున్నే పొగాకు బేళ్లు వేసుకుని వేలానికి వెళ్లారు. ఇల్లు ఖాళీగా ఉంది కదా, నీకు నాలుగు ముక్కలు రాద్దామని ఫోన్ పట్టుకు కూర్చున్నా. ప్రత్యేకించి విషయమేమీ లేదు. గౌరి ఈనింది, పెయ్యదూడ. బోరులో నీళ్లు తగ్గాయి. నువ్వు ఫోన్ చేసి పంతొమ్మిది రోజులైంది. నేనేం లెక్కపెట్టలేదులే, గౌరి ఈనిన తేదీ క్యాలెండర్ మీద రాసుకున్నా, నువ్వు చివరిసారి మాట్లాడింది ఆ రోజే, అలా తెలిసిందంతే.

మొన్న కొండపి పిన్ని వచ్చింది. కాఫీ తాగుతూ, "బుజ్జికి ల్యాబ్‌లో వాళ్లతో పడటం లేదటగా, రీసెర్చ్ పేపర్లోంచి తన పేరు తీసేయమందటగా" అంది. ఎవరు చెప్పారే అంటే వాళ్ల సుమ స్టేటస్ ఏదో చూసిందట. పిన్ని మాట ఎంతవరకు నమ్మాలో నాకు తెలుసు, నీ మేనమామకు రెండుసార్లు గుండెపోటు తెప్పించిన మనిషి. అందుకే నేనేం అడగను. నువ్వే చెప్తే వింటా.

సంక్రాంతికి వచ్చినప్పుడు అరుగు మీద కూర్చుని నీ రీసెర్చ్ ఏమిటో చెప్పావు గుర్తుందా? పరిశోధన చేసేవాళ్లు కలిసి ఎలా పనిచేస్తారో పరిశోధించడం అన్నావు. మీ నాన్న "దానికి కూడా జీతమిస్తారా" అని నవ్వారు గానీ నేను శ్రద్ధగానే విన్నా. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని, అంకెలు వింటే మర్చిపోలేను. 2010లో ఆ అమెరికా వాళ్లు 699 మందిని ఇద్దరి నుంచి ఐదుగురి దాకా జట్లు చేసి రకరకాల పనులిచ్చారన్నావు. జట్టులో అందరికన్నా తెలివైనవాడు ఎంత తెలివైనవాడన్నది పెద్దగా లెక్కలోకి రాలేదట, ఎదుటివాళ్ల మనసు కనిపెట్టగలిగి, అందరూ వంతులవారీగా మాట్లాడుకున్న జట్లే బాగా చేశాయట. ఆడవాళ్లు ఎక్కువున్నవీ మెరుగేనన్నప్పుడు నేను మీ నాన్న వైపు చూశా. ఆయన గౌరికి మేత వేయాలని లేచి వెళ్లిపోయారు. దాని మీద తర్వాత వాదనలు వచ్చాయని కూడా అన్నావులే, అది ఆయనకు చెప్పలేదు.

ఇంత తెలిసిన పిల్ల తన జట్టులో మూతి ముడుచుకు కూర్చుందంటే నమ్మమంటావా? సరే, అడగనన్నాగా.

రమణక్క వాళ్లతో ఉమ్మడి బ్యారన్, అదే మన పొగాకు కాల్చే కొట్టం, ఎందుకు పోయిందని చిన్నప్పుడు చాలాసార్లు అడిగావు. నువ్వు ఆరో తరగతి. లైసెన్సు వాళ్లది, స్థలం మనది, కట్టెల ఖర్చు సగం సగం. పగలు వాళ్లు, రాత్రి మనం అని మొదట్లో అనుకున్నాం గానీ మీ నాన్నకు జ్వరం వచ్చిన వారం రాత్రి వంతు కూడా వాళ్ల సుబ్బన్నే తీసుకున్నాడు. అప్పటికే కట్టెల లెక్క దగ్గర రమణక్కకూ నాకూ మాటల్లేవు. నేను రాసిన పుస్తకంలో తేడా ఉందంది, టీచరమ్మ లెక్క తప్పుతుందా అని నాకు రోషం. ఒకరోజు కర్రలకు ఆకు అల్లుతూ ఇద్దరం పక్కపక్కనే పొద్దస్తమానం కూర్చుని ఒక్క మాట అనుకోలేదు, కూలీలే మా మధ్య కబుర్లు మోశారు. ఆ రాత్రి పదింటప్పుడు సుబ్బన్నకు టీ ఇద్దామని బ్యారన్ దగ్గరికి వెళ్లా. ఆకు పసుపు రంగుకు తిరిగిపోయింది, ఇక తేమ బయటికి పోవాలి, పై కిటికీలు తెరవాలి. తెరవలేదు. తలుపు సందులోంచి ఉడుకుతున్న వాసన వస్తోంది. సుబ్బన్న పొయ్యి దగ్గర కునుకు తీస్తున్నాడు, రమణక్క మంచం మీద కూర్చునుంది. చెప్దామనుకున్నా, నోటిదాకా వచ్చింది. చెప్తే "టీచరమ్మ ఇక్కడా పాఠం మొదలెట్టింది" అంటుందేమోనని గ్లాసు అక్కడ పెట్టి వచ్చేశా. వాళ్ల వంతు, వాళ్లే చూసుకుంటారులే అనుకున్నా. నిద్ర పట్టలేదు, అయినా లేవలేదు.

ఆ బ్యారన్ ఆకంతా కమిలి గోధుమరంగుకు తిరిగింది. వేలంలో ఆ బేళ్లకు నో బిడ్, పాడినవాడే లేడు. రెండోసారి పెడితే అడ్డికి పావుశేరు. అందులో సగం ఆకు మనదే, బుజ్జీ.

నువ్వు ఎమీ ఎడ్మండ్సన్ అనే ఆవిడ సంగతి చెప్పినప్పుడు నాకు ఆ గ్లాసే గుర్తొచ్చింది. మంచి జట్లున్న ఆసుపత్రి వార్డుల్లో మందుల పొరపాట్లు తక్కువ ఉంటాయని చూడబోతే, లెక్కల్లో ఎక్కువ కనబడ్డాయటగా. వాళ్లు ఎక్కువ తప్పులు చేసి కాదు, భయపడకుండా బయటికి చెప్పుకున్నారు కాబట్టి. మిగతా వార్డుల్లో నాలాంటి వాళ్లుండి ఉంటారు. అందుకే చెప్తున్నా, మీ గైడ్‌తోనో ఆ హైదరాబాద్ అబ్బాయితోనో ఏదైనా ఉంటే మెయిళ్లు కాదు, ఎదురుగా కూర్చుని మాట్లాడు. పొద్దున పూట మాట్లాడు, ఆకలి మీద మాత్రం వద్దు, నువ్వు ఆకలి మీద మీ నాన్న కంటే అన్యాయం.

పేరు ముందా వెనకా అనేదే గొడవైతే, 2015లో హిగ్స్ బోసాన్ అనే కణం బరువు కట్టిన పేపర్ గురించి నువ్వే కదా చెప్పింది, 5,154 మంది పేర్లు, 33 పేజీల్లో 24 పేజీలు పేర్లకూ వాళ్ల సంస్థలకే. వాళ్లంతా ఎలా సర్దుకున్నారో! ఎవరు ఏ పని చేశారో రాసుకునే పద్నాలుగు పనుల పట్టిక ఒకటుందన్నావు, ఆలోచన ఎవరిది, లెక్కలు ఎవరివి, డబ్బు ఎవరు తెచ్చారు, రాసింది ఎవరు అని. అది పని మొదలయ్యేటప్పుడే రాసుకోవాలి, అయ్యాక రాస్తే పంచాయితీనే. మా బ్యారన్ పుస్తకంలో ఉన్నవి కట్టెలు, కూలీ, కరెంటు, అంతే. రాత్రిళ్లు మేలుకున్న సుబ్బన్న నిద్రకు అందులో గడి లేదు. మీ నాన్న జ్వరంతో పడుకున్నప్పుడు వాడు వరసగా ఐదు రాత్రులు కూర్చున్నాడు, ఆరో రాత్రి కునుకు పట్టింది. తిట్టింది మాత్రం వాణ్నే అందరూ. మీ ల్యాబ్‌లో కూడా అలా మేలుకునేవాళ్లు ఎవరైనా ఉంటే చూడు. అది నువ్వే అయితే నాకు ముందు చెప్పు.

పాఠం చెప్పనని కూర్చుని చెప్పేశా. పోనీ.

శనివారం చిన్నాన్న బెంగుళూరు వస్తున్నాడు. ఉలవపాడు బంగినపల్లి ఒక పెట్టె, గోంగూర పచ్చడి, మినప సున్నుండలు పంపుతున్నా. కాయలు ఇంకా గట్టిగా ఉన్నాయి, గడ్డిలోంచి తీయకు. సున్నుండలు ల్యాబ్‌లో అందరికీ సరిపోయేలా చేశా, ఆ అబ్బాయికి కూడా ఇవ్వు. కళ్లజోడు పవర్ చూపించుకున్నావా? రెండు నంబర్లు విడిగా పంపుతున్నా, నాది, చిన్నాన్నది, నా నంబరు నీ దగ్గర లేదేమోనని.

ఇంకొకటి. ఆ రాత్రి నేను టీ తీసుకుని వెళ్లిన సంగతి మీ నాన్నకు ఇప్పటికీ తెలీదు. రమణక్క కూడా ఎన్నడూ ఎత్తలేదు, గ్లాసు మాత్రం తెల్లారి కడిగి మన అరుగు మీద బోర్లించింది. ఫోన్ చేసినప్పుడు స్పీకర్లో ఉంటుంది, నోరు జారకు.

అమ్మ