పుట్టినరోజు నాడు పొందూరు దాకా

ఒరేయ్ బావా,

నువ్వు ఫోన్ చేసేసరికి బస్సులో నిలబడి ఉన్నాను. ఆ గోలలో నీ మాట సగమే వినపడింది. ‘పుట్టినరోజుకి ఏం చేశావురా’ అన్నావు కదా, తీరిగ్గా రాస్తున్నాను, చదువుకో.

ఈసారి కేకు వద్దు, పార్టీ వద్దు అని ముందే చెప్పేశాను. ఒకరోజు సెలవు పెట్టి, ఇంట్లో ఎప్పట్నుంచో వాయిదా పడుతున్న పనులన్నీ సంచీలో వేసుకుని బయల్దేరాను.

అమ్మ మాట కాదనలేక ముందు అరసవల్లి సూర్యదేవుడి దగ్గరికి వెళ్లాను. గురువారం కదా, గుడి ఖాళీ. ఆదివారం క్యూ ఎలా ఉంటుందో నీకు తెలుసు. ఇక మార్చిలో, అక్టోబరులో సూర్యకిరణాలు స్వామిని తాకే రోజుల్లోనైతే చెప్పనే అక్కర్లేదు. నాకు మాత్రం ఇలా మామూలు రోజున, వెనకనుంచి ఎవరూ తోయకుండా, కళ్లారా చూసుకోవడమే ఇష్టం.

అక్కణ్ణుంచి శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి వచ్చి ఉప్మా పెసరట్టు తిన్నాను. పెనం మీద పిండి తిప్పి, అది ఆరకముందే ఉల్లిపాయ, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర చల్లి అట్లకాడతో ఒక్క అదుము అదిమాడు. అంచులు ఎర్రగా కాలి పైకి లేచాక ఉప్మా పెట్టి మడిచాడు. అల్లం పచ్చడి రెండుసార్లు వేయించుకున్నాను. ఎంత బావుందో చెప్పలేను!

తర్వాత మిక్సీ జారుకి బుష్ మార్పించాను. నాన్న కళ్లజోడు అద్దాలకి ఆర్డరిచ్చాను. బ్యాంకులో సర్వర్ పనిచెయ్యడం లేదన్నారు, ఆ పని ఉండిపోయింది.

అసలు విషయం పొందూరు. నాన్నకి ఖాదీ పంచె తెస్తానని ఎన్నాళ్లనుంచో అంటున్నాను. పంచె కొనేసి వచ్చెయ్యొచ్చు గానీ, కొట్టాయన చెబితే దగ్గర్లోనే నూలు వడికే ఒక మామ్మగారి ఇంటికి వెళ్లాను. బావా, ఇన్నేళ్లూ పక్కనే ఉండి ఇది చూడలేదురా మనం. పత్తిని ముందు వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడ నా చేతిలో పెట్టింది. పళ్లు ఎంత సన్నంగా, ఎంత దగ్గరదగ్గరగా ఉన్నాయంటే, ఏ దువ్వెనా దానికి సరిరాదు. దువ్వాక చెక్కపలక మీద ఇనపకడ్డీతో గింజ తీసి, ఏకి, ఆ దూదిని వత్తుల్లా ఏకులు చుట్టి, అవి నలక్కుండా ఎండిన అరటిడొప్పలో పెట్టుకుంటారు. ఆ డొప్ప చేత్తో పట్టుకుని, ఒంటికదురు రాట్నం తిప్పుతూ నాతో కబుర్లు చెబుతూనే ఉంది. దారం ఒక్కసారి తెగలేదు! ఆ దారం కంటికి ఆనదు, వేలికే తెలుస్తుంది.

‘మీ కోడళ్లు నేర్చుకున్నారా మామ్మగారూ’ అన్నాను. ‘ఈ కూలికి ఎవరు కూర్చుంటారు నాయనా’ అంది. నాకేమీ మాట రాలేదు. ఇంత పనికి ఇంత తక్కువ డబ్బు రావడం అన్యాయం బావా. ఖాదీ ఖరీదెక్కువ అని మనమే అంటుంటాం కదా, ఇకమీదట నేననను. బేరమాడకుండా పంచె తీసుకున్నాను, నీకో కండువా కూడా.

నువ్వు ఫోన్ చేసింది తిరుగు బస్సులోనే. శ్రీకాకుళం చేరేసరికి మూడు దాటింది. మెస్సులో భోజనాలు అయిపోతాయేమోనని టెన్షన్ పడ్డాను గానీ, ‘కూర్చోండి బాబూ, ఉంది’ అన్నారు. నువ్వుపిండి వేసిన వంకాయ కూర, బెల్లం వేసిన ముక్కల పులుసు. మీ హైదరాబాదులో పులుసులో బెల్లమంటే నవ్వుతారన్నావే, వాళ్లని ఒకసారి ఇక్కడికి పట్టుకురా.

సాయంత్రం అమ్మకీ నాన్నకీ మిరపకాయ బజ్జీలు పట్టుకెళ్లాను. నాన్న పంచెని దీపానికి అడ్డంగా పట్టుకుని చూసి, ఎంతైందని ఒక్కమాట అడగలేదు. మర్నాడే కట్టుకుని బజారుకెళ్లారు.

నీ కండువా పోస్టులో పంపను. దసరాకి వచ్చినప్పుడు తీసుకుందువుగాని. ఒకరోజు ముందే దిగు, పొందూరు వెళ్దాం. ఈసారి కెమెరా తెచ్చుకో. ఫొటో తీస్తే తనకీ ఒక కాపీ ఇమ్మంది మామ్మగారు.

నీ బావ