పాత రాతిగోడలకు సిమెంటు పట్టించకండి, కలెక్టర్ గారూ

గౌరవనీయులైన గజపతి జిల్లా కలెక్టర్ గారికి,

పర్లాకిమిడి చుట్టుపక్కల సున్నంతో కట్టిన పాత రాతిగోడలకు మరమ్మతుల పేరుతో సిమెంటు పట్టిస్తున్నారు. దయచేసి ఆపించండి.

రాయి చాలా బరువు మోస్తుంది, లాగితే మాత్రం చీలుతుంది. గోడకు రాయంత బలం ఎప్పుడూ రాదు, రాళ్ల మధ్యనున్న సున్నం అతుకు ఆ బలాన్ని తగ్గిస్తుంది. అయినా గానుగ సున్నానికి ఒక గుణం ఉంది: గోడ కాస్త కదిలితే సర్దుకుంటుంది, లోపలి చెమ్మను బయటికి వదులుతుంది. సిమెంటు బిగుసుకుపోతుంది. అప్పుడు చెమ్మ, దానితోపాటు ఉప్పు, రాతిలోంచే దారి వెతుక్కుంటాయి, రాయి పెచ్చులూడుతుంది. మన తూర్పు కనుమల ఖొండలైటు అసలే ఎండావానలకు మెత్తబడే రాయి.

కొత్త గోడలదీ ఒక మాట. రెండు ముఖాలూ విడిగా పేర్చి నడుమ ముక్కలు నింపితే, భూకంపంలో ఆ పొరలు విడిపోతాయి. 1993 భూకంపంలో మహారాష్ట్రలోని కిల్లారిలో అలాంటి మందపాటి గోడలే జనం మీద కూలాయి. గోడ మందమంతా దాటే పొడవు రాళ్లను ప్రతి 600 మిల్లీమీటర్ల ఎత్తుకు, 1.2 మీటర్లకు మించని ఎడంతో వేయాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 13828 చెబుతోంది. పూత వేయకముందే ఇంజనీరును పంపి ఆ రాళ్లు వేశారో లేదో చూడమనండి. సున్నం పని తెలిసిన తాపీ మేస్త్రీలు ఇక్కడ ఇంకా ఉన్నారు, పాత గోడల మరమ్మతు టెండరులో సున్నం అని రాయించండి.

ఇట్లు,
పర్లాకిమిడి తెలుగువాడొకడు