పుత్తూరు - ఊత్తుకోట రోడ్డుకు గుళ్ల వేళలు రాసిన బోర్డులు కావాలి

సంపాదకులకు,

తిరుపతి నుంచి చెన్నైకి కారులో పోయేవాళ్లలో చాలామంది పుత్తూరు దాటగానే నేరుగా నగరి, తిరుత్తణి దారి పట్టేస్తారు. పుత్తూరులో ఎడమకు తిరిగితే నారాయణవనం, పిచ్చాటూరు, నాగలాపురం మీదుగా ఊత్తుకోటకు ఇంకో రోడ్డుంది. ఒక్క పగలు చాలు, ఇంకెక్కడా చూడలేని వింతలు ఈ రోడ్డు పక్కనే దొరుకుతాయి.

ఊత్తుకోటకు కాస్త ముందు వచ్చే సురుటుపల్లిలో శివుడు లింగరూపంలోనే కాదు, మనిషి రూపంలో పడుకుని కూడా ఉంటాడు. హాలాహలం మింగిన తాపానికి అమ్మవారి ఒడిలో తల పెట్టుకుని వెల్లకిలా పడుకున్న పెద్ద విగ్రహం అది. విష్ణువు శయనించడం చూసిన కళ్లకు శివుణ్ని అలా చూడటం కొత్త. అక్కడి దక్షిణామూర్తి కూడా ఒంటరిగా కాక, గౌరితో కలిసి ఉంటాడు. హడావుడిగా తిరిగేవాళ్లు దీన్ని గమనించకుండానే బయటికి వచ్చేస్తారు. త్రయోదశి సాయంత్రం ప్రదోషానికి, అందులోనూ అది శనివారం పడితే, జనం కిక్కిరిసిపోతారు. విగ్రహాన్ని తీరిగ్గా చూడాలంటే ఆ పూట మానుకోవాలి.

నాగలాపురం వేదనారాయణస్వామి గుడి కృష్ణదేవరాయలు తల్లి నాగలాంబ పేరుమీద కట్టించినది. మూలవిరాట్టు మత్స్యావతారం, నడుము కింద చేప. గుడి పడమటి ముఖం కాబట్టి మార్చి చివరి వారంలో సాయంత్రం ఆరు ప్రాంతంలో సూర్యకిరణాలు గోపురం గుండా సూటిగా గర్భగుడిలోకి వస్తాయి. మొదటిరోజు పాదాల మీద, మర్నాడు నాభి మీద, మూడోరోజు శిరసు మీద పడతాయి. దీన్నే సూర్యపూజ అంటారు. ఆకాశం మబ్బు పట్టిందా, ఆ రోజుకు ఏమీ కనబడదు. అందుకే ఒక్క రోజునే నమ్ముకుని రావద్దు.

ఈ దారిలో ఎక్కువమంది చేసే పొరపాటు వరస తప్పడం. ముందు కైలాసకోన జలపాతం దగ్గర ఆగి స్నానాలు, భోజనాలు ముగించుకుని బయల్దేరేసరికి గుళ్లు మూసేసి ఉంటాయి. మళ్లీ తీసేది సాయంత్రం నాలుగు తర్వాతే. దూరంగా ఉన్నదాన్ని ముందు చూడాలి. తిరుపతిలో ఆరింటికి బయల్దేరి, ఎక్కడా ఆగకుండా సురుటుపల్లికి పోవాలి. తిరుగుదారిలో పదిన్నరకల్లా నాగలాపురం, గుళ్లు మూసి ఉండే ఎండవేళ కైలాసకోన, నాలుగు దాటాక నారాయణవనం గుడి. పద్మావతీదేవి పెళ్లి పనులకు వాడారని చెప్పుకొనే పెద్ద రాతి తిరగలి అక్కడ ఉంది, అడిగి చూడాలి. సూర్యపూజ రోజుల్లో మాత్రం కోన దగ్గర నుంచి వెనక్కి తిరిగి ఐదింటికల్లా నాగలాపురంలో ఉండాలి. చీకటి పడ్డాక చెరకు ట్రాక్టర్ల వెనక జాగ్రత్త. గడలు వెనక్కి పొడుచుకొస్తాయి, వెనక లైటు వాటి చాటున పడిపోతుంది.

రోడ్లు భవనాల శాఖకు, పర్యాటక శాఖకు మా విన్నపం బోర్డుల గురించే. పుత్తూరు మలుపు, కైలాసకోన మలుపు, మూడు గుళ్ల దారులు, మొత్తం ఐదు చోట్ల కావాలి. మలుపు దగ్గరే బోర్డు పాతితే లాభం లేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. 30 మీటర్ల ముందు కనబడిన బోర్డు చదివేందుకు రెండు సెకన్లు కూడా ఉండవు. డ్రైవరు సడన్ బ్రేకు వేస్తాడు, వెనక వచ్చేవాడు గుద్దుతాడు. 200 మీటర్ల ముందు పెడితే 12 సెకన్లు దొరుకుతాయి. బోర్డు మీద పేరు, దూరంతో పాటు గుడి మూసే వేళ, తీసే వేళ ఉండాలి. సరిహద్దు అవతలి నుంచి వచ్చేవాళ్లు ఎక్కువ కాబట్టి తెలుగు కింద తమిళం కూడా రాయాలి. మార్చి రద్దీకి ముందే నాగలాపురం బోర్డు నిలబెడితే మిగతావి తర్వాత పెట్టినా పరవాలేదు.

- కొందరు పాఠకులు, తిరుపతి