ఆడిట్ రాత్రిపూట కూడా జరగాలి: కేంద్ర పౌర విమానయాన మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి నమస్కారములు.

అయ్యా,

విమానాల మరమ్మతు, మెయింటెనెన్స్ చేసే సంస్థలకు నాణ్యతా ప్రమాణంగా ఉన్న 9110ను, అంటే అమెరికాలో ఏఎస్ 9110గానూ ఐరోపాలో ఈఎన్ 9110గానూ పిలిచే పత్రాన్ని, సవరించే బాధ్యత అంతర్జాతీయ ఏరోస్పేస్ క్వాలిటీ గ్రూప్‌ది. 2016 నాటి కూర్పుకు పునాది 2015 నాటి ఐఎస్ఓ 9001. దీన్ని రాసేది మీ మంత్రిత్వ శాఖ కాదనీ, మన దేశంలో చట్టరీత్యా తప్పనిసరి అయినది విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ వారు మరమ్మతు సంస్థలకు పెట్టిన సీఏఆర్-145 నిబంధనలనీ నాకు తెలుసు. అయినా పని ఇచ్చే ముందు 9110 సర్టిఫికెట్ ఉందా అని అడిగే కస్టమర్లు ఉన్నారు గనుక, దాన్ని సవరించేటప్పుడు మన దేశం తరఫున ఒక మాట గట్టిగా వినిపించగల స్థానంలో మీరు ఉన్నారు గనుక ఈ లేఖ రాస్తున్నాను.

నేను విజయనగరం జిల్లా వాడిని. ముప్పై ఏళ్లు హ్యాంగర్లలో, అంటే విమానాలు నిలిపి మరమ్మతు చేసే షెడ్లలో, పనిచేశాను. చివరి తొమ్మిదేళ్లు క్వాలిటీ విభాగంలో ఆడిటర్‌గా ఉన్నాను కాబట్టి, కింద చెప్పబోయే తప్పులో నా వాటా కూడా ఉంది.

టెక్నీషియన్‌గా ఉన్న రోజుల్లో, ఒక సి-చెక్ (విమానాన్ని చాలావరకు విప్పి చేసే పెద్ద తనిఖీ) జరుగుతుండగా రాత్రి మూడు గంటలప్పుడు టూల్ బోర్డు మీద పది మిల్లీమీటర్ల సాకెట్ ఉండవలసిన చోట గీసిన గుర్తు తప్ప సాకెట్ లేదు. నలుగురం టార్చిలైట్లు పట్టుకుని ఇంజిన్ మీది కౌలింగ్ మూత కింద, చక్రాల గూటిలో, ఆఖరికి మా ఓవరాల్ జేబుల్లో కూడా వెతికాం. తెల్లవారబోతుండగా అది ఒక ఫ్యూయల్ పైపు క్లాంపు వెనక దొరికింది. సాకెట్ బోర్డు మీదికి ఎక్కింది గానీ జరిగిన సంగతి మాత్రం ఏ రిజిస్టర్‌లోకీ ఎక్కలేదు, ఎందుకంటే ఎక్కిస్తే దాన్ని అక్కడ మరిచిపోయిన కుర్రాడి పేరు మీద మచ్చ పడుతుందని అందరికీ తెలుసు. రెండు వారాలకు ఆడిటర్లు ఉదయం పదింటికి వచ్చారు. ఆడిట్ రోజున హ్యాంగర్ పెళ్లిచూపుల ఇల్లులా ఉంటుంది. వారు టూల్ కంట్రోల్ విధానం చదివి, సంతకాలు సరిచూసి, లోపాలేమీ లేవని రాసి ఐదింటికి వెళ్లిపోయారు. తర్వాత నేను క్వాలిటీలోకి మారాక, నేనూ అలాగే పదింటికి వెళ్లి ఐదింటికి వచ్చాను.

ఇది మన దగ్గరే పుట్టిన జబ్బు కాదు. 1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి మలాగా బయలుదేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానానికి సుమారు 17,300 అడుగుల ఎత్తులో ముందు అద్దం ఊడిపోయి, కెప్టెన్ సగం బయటికి లాగబడ్డాడు. సిబ్బంది ఆయన కాళ్లు వదలకుండా పట్టుకోవడంతో ప్రాణాలతో బయటపడ్డాడు. విమానం బయలుదేరడానికి 27 గంటల ముందు, ఒక రాత్రి షిఫ్టులో ఆ అద్దాన్ని బిగించిన 90 బోల్టుల్లో 84 కావలసినదానికన్నా సన్నవి, మిగిలిన ఆరు పొట్టివి. బిగించిన షిఫ్ట్ మేనేజర్ విడిభాగాల కేటలాగ్ చూడకుండా, పాత బోల్టును పక్కన పెట్టి కంటితో పోల్చి కొత్తవి ఎంచుకున్నాడు. నన్ను ఇప్పటికీ వెంటాడేది బోల్టుల లెక్క కాదు, దర్యాప్తు నివేదికలోని మరో నిర్ధారణ: షిఫ్ట్ మేనేజర్ల పని తీరును క్వాలిటీ ఆడిట్లు నేరుగా గమనించలేదు గనుక ఆ అలవాట్లు బయటపడలేదు. అప్పటికి ఆ సంస్థలో ఆడిట్లు లేకపోలేదు, చూడవలసిన చోట చూడలేదు, అంతే.

పొందూరు ఖద్దరు ఎలా తయారవుతుందో తెలుసుకోవాలంటే వాలుగ చేప దవడతో పత్తి దువ్వే చేతుల పక్కన కూర్చోవాలి గానీ, సంఘం ఆఫీసులో రసీదు పుస్తకం తిరగేస్తే ఏం తెలుస్తుంది? విమానం పగలంతా ఎగరాలి కాబట్టి దాని మీద పని ఎక్కువగా రాత్రి జరుగుతుంది. అలాంటప్పుడు ఆడిట్ గంటల్లో కొంత భాగం తప్పనిసరిగా రాత్రి షిఫ్టులో, అదీ షిఫ్ట్ మారే వేళలో హ్యాంగర్‌లోనే గడపాలని సవరించిన ప్రమాణంలోనే రాయించాలి. సగంలో ఆగిన పనిని ఒకరు మరొకరికి అప్పజెప్పేటప్పుడు టాస్క్ కార్డు (చేయవలసిన పనుల చీటీ) మీద ఏం రాశారు, నోటితో ఏం చెప్పారు, ఏం చెప్పడం మరిచారు అన్నది అక్కడ నిలబడి వింటే తప్ప తెలియదు.

తన తప్పును తానే చెప్పినవాడి మీద చర్య ఉండదనే హామీ కూడా ఇందులో విడదీయలేని భాగం. నిర్లక్ష్యాన్ని, ఉద్దేశపూర్వక ఉల్లంఘనను ఆ హామీ నుంచి మినహాయించండి, అభ్యంతరం లేదు. ఐరోపా వారు మరమ్మతు సంస్థలకు పెట్టిన తమ పార్ట్-145 నిబంధనల్లో సేఫ్టీ మేనేజ్‌మెంట్ వ్యవస్థను (ప్రమాదానికి దారితీసే లోపాలను ముందే గుర్తించి సరిదిద్దే ఏర్పాటును) 2022 డిసెంబరు 2 నుంచి తీసుకొచ్చి, పాత సంస్థలకు రెండేళ్ల గడువిచ్చారు. అయితే ఆ నిబంధనలనే 9110లో మరో రకం మాటల్లో తిరిగి రాస్తే చిన్న సంస్థలు ఒకే సంగతికి రెండు ఫైళ్లు నడపడం తప్ప లాభం ఉండదు. ఇప్పటికే ఫైళ్లకు కొదవ లేదు.

విడిభాగాల దిగుమతిపై పన్నును 2024 జూలైలో ఒకే 5 శాతానికి తెచ్చారు కాబట్టి ఈ రంగం మీద మీ ప్రభుత్వానికి శ్రద్ధ ఉందని నమ్ముతున్నాను. భోగాపురం విమానాశ్రయం మా జిల్లాలోనే ఉంది. రాత్రి అక్కడ నిలిపే విమానాల కింద పనిచేసేవారిలో మన శ్రీకాకుళం, విజయనగరం పిల్లలూ ఉంటారు. మన దేశం తరఫున అభిప్రాయం పంపేముందు డీజీసీఏ అధికారులనూ సంస్థల యజమానులనూ మాత్రమే కాక, లైసెన్స్ లేని టెక్నీషియన్లను కూడా పిలిపించి, వారికి వచ్చిన భాషలోనే మాట్లాడనివ్వండి. ఆ సమావేశం మా వైపు పెట్టే పక్షంలో సాయంత్రం నాలుగు తర్వాత పెట్టించమని మనవి. రాత్రి డ్యూటీ చేసినవారు నిద్రలేచేది అప్పుడే.

ఇట్లు,
పదవీ విరమణ చేసిన ఒక క్వాలిటీ ఆడిటర్,
చీపురుపల్లి, విజయనగరం జిల్లా