ఫ్రాంచైజీ ఒప్పంద ఉల్లంఘనపై ఫిర్యాదు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

నమస్కారం.

విషయం: అమ్మకాలు తక్కువ చూపడం, పోటీ దుకాణం నడపడం గురించి.

మా పేరుతో డ్రై క్లీనింగ్ దుకాణం నడిపేందుకు మీ కంపెనీ మాతో ఏడేళ్లకు ఒప్పందం చేసుకుంది. ఇది నాలుగో ఏడు. మొదటి మూడేళ్లూ మీ మీద ఒక్క మాట పడలేదు. కొత్తగా చేరేవారిని మీ దుకాణం చూసి రమ్మని మేమే పంపేవాళ్లం. అందుకే ఈ లేఖ రాయడానికి మనసొప్పక ఆగాం. ఆగడం మా పొరపాటే.

ఆరు నెలలుగా మీరు పంపుతున్న లెక్కల్లో బట్టల సంఖ్య సగానికి పడిపోయింది. మా గిడ్డంగి నుంచి మీరు తెప్పించుకునే హ్యాంగర్లు మాత్రం ఒక్కటీ తగ్గలేదు. బట్టలు సగమైతే మిగతా హ్యాంగర్లకు ఏం వేలాడుతున్నట్టు? మా ఆడిటర్ మీ బిల్లు పుస్తకం తెరిస్తే 412 తర్వాత 431 వచ్చింది. మధ్యలోని 18 బిల్లులు చిరిగిపోయాయన్నారు మీ మేనేజరు. చిరిగితే పిన్నుల దగ్గర అంచైనా మిగలాలి. అదీ లేదు. పుస్తకం విప్పి మళ్లీ పిన్నులు కొట్టారు, పాత పిన్నుల రంధ్రాలు కనబడుతూనే ఉన్నాయి.

హ్యాంగర్ల జాడ రెండు వీధుల అవతల దొరికింది. మీ డైరెక్టరు బావమరిది పేరుతో తెరిచిన దుకాణంలో, మా గుర్తును గరుకు కాగితంతో గీకేసి వాడుతున్నారు. గోడకు అంటించిన మరకల పట్టిక మా శిక్షణ పుస్తకంలోనిదే. మేం చేసిన అచ్చుతప్పు కూడా దిద్దకుండా దించుకున్నారు.

ఒప్పందం ప్రకారం మీకు 30 రోజుల గడువు ఇస్తున్నాం. ఈలోగా ఎగ్గొట్టిన రాయల్టీ, అంటే మీ అమ్మకాల్లో మాకు రావాల్సిన వాటా, వడ్డీతో సహా కట్టాలి. మీరు చూపిన అమ్మకాలకూ అసలు అమ్మకాలకూ మధ్య తేడా ఒప్పందంలోని పరిమితి దాటింది గనుక ఆడిట్ ఖర్చూ మీదే. రెండో దుకాణం మూసేయాలి.

లేదంటే ఒప్పందం రద్దు చేస్తాం. ఆ దుకాణాన్ని ఆపమని కోర్టును ఇంజంక్షన్ కోరతాం. పోయిన రాయల్టీని లెక్కగట్టవచ్చు గానీ, పోయిన పేరుకు లెక్క కట్టలేం కదా. రద్దయ్యాక కూడా మా బోర్డు, రంగులు, ఫోన్ నంబరు వాడితే అది ఒప్పంద వివాదంతో ఆగదు, ట్రేడ్‌మార్క్ ఉల్లంఘన అవుతుంది. మిగిలిన మూడేళ్ల రాయల్టీ సంగతికొస్తే, రద్దు చేసింది మేమే అయినప్పుడు ఆ కోరిక ప్రతి కోర్టులోనూ నిలవదని మాకు తెలుసు. అలాగని దాన్ని వదులుకోవడం లేదు.

ఇంత పట్టుదల ఎందుకని మీరు అడగవచ్చు. పేరు వాడుకోనిచ్చి నాణ్యతను గాలికొదిలేసిన యజమాని చివరికి ఆ పేరు మీద హక్కే పోగొట్టుకునే ప్రమాదం ఉంది. పైగా ఒప్పందాన్ని అక్షరాలా పాటిస్తున్న మిగతా ఫ్రాంచైజీలకు మేం ఏం సమాధానం చెప్పాలి?

మరొక మాట. ఈ నెల మీరు పంపిన రాయల్టీ జమ చేసుకున్నాం. దాన్ని మాఫీగా భావించవద్దు, బకాయిలో కొంత ముట్టినట్టుగానే రాసుకున్నాం.

ఆరు నెలల బిల్లు పుస్తకాల అసలు ప్రతులు, బ్యాంకు ఖాతా వివరాలు వారం లోపు మా కార్యాలయానికి చేర్చండి. పుస్తకాలు ఉన్నవి ఉన్నట్టే పంపండి, కొత్తగా పిన్నులు కొట్టనక్కర్లేదు.

ఇట్లు,
ఫ్రాంచైజీ విభాగాధిపతి